మేస్త్రీ పెళ్ళాం

ఇంగ్లండులో కథీడ్రల్ అనే పెద్ద చర్చి ఉన్న ఒక ఊరు. ఈస్టరుకు పది రోజుల ముందు, మధ్యాహ్నం మూడు గంటలు. కథీడ్రల్ పక్కన టీ గదిలో రిటైరైన రాతి మేస్త్రీ హెడ్లీ, చనిపోయిన అతని భార్య చెల్లెలు బెరిల్.

“కళ్ళజోడు తెచ్చుకోలేదన్నది సాకు కాదు. నేను చదువుతాను, నువ్వు సంతకం పెట్టు.”

“కళ్ళజోడు తెచ్చుకున్నాను.”

“ఇందాక లేదన్నావు?”

“ఇప్పుడు ఉందంటున్నాను.”

“అయితే చదువు. నాలుగు ముక్కలే. సరేలే, నేనే చదువుతాను, నువ్వు చదివేసరికి తెల్లారుతుంది. ‘ఉత్తరం వైపు పిట్టగోడ మీద 1976లో నేను చెక్కి పెట్టిన రాతి మొహం చనిపోయిన నా భార్య డోరీన్‌ది. దాన్ని పోస్టర్ల మీద, అమ్మే వస్తువుల మీద వేయడం మా కుటుంబానికి ఇష్టం లేదు.’ అంతే. తేదీ నేను వేశాను. కింద నీ పేరు.”

“ఆ స్కోను రొట్టె తిను. చల్లారిపోతుంది.”

“అది పుట్టడమే చల్లగా పుట్టింది. నీ ఉలి ఏమైనా జేబులో ఉంటే ఇవ్వు, కోసుకోవాలి. మాట మార్చకు హెడ్లీ. నాలుగింటికి ప్రింటుకు పంపేస్తారట. చర్చి ఆఫీసావిడ ఖచ్చితంగా చెప్పింది. చెక్కినవాడు రాసిస్తే ఆపుతాం, చెల్లెలు రాస్తే చెల్లదు అని.”

“సరిగ్గానే చెప్పింది.”

“ఆవిడ సరిగ్గా చెప్పింది. నువ్వే సరిగ్గా లేవు. ఇదిగో, పోస్టరు చూశావా? మనిషంత ఉంది. ‘మేస్త్రీ పెళ్ళాం మీ కోసం ఎదురుచూస్తోంది. రెండు వందల పన్నెండు మెట్లు ఎక్కి రండి.’ రైలు స్టేషన్లో పెడతారట. బస్సుల వెనకాల అంటిస్తారట.”

“ఫోటో బాగా తీశాడు.”

“నేనడిగింది ఫోటో సంగతా?”

“నీడ బాగా పట్టాడు అంటున్నాను.”

“దీన్ని చూడు. గిన్నెలు తుడిచే గుడ్డ. దుకాణంలో పెడతారు, నమూనాకి నాకొకటి ఇచ్చింది, పండక్కి కానుక ఇచ్చినట్టు. మా అక్క మొహంతో ఊరూరి జనం గిన్నెలు తుడుచుకుంటారు. ఇంకా బిస్కెట్ డబ్బాలు వస్తాయట. ఫ్రిజ్‌కి అతికించే బిళ్ళలు వస్తాయట. నీకు చీమ కుట్టినట్టయినా లేదా?”

“గుడ్డ మంచి నేతలా ఉంది.”

“హెడ్లీ!”

“అరవకు. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. టికెట్ లేకుండా చూస్తున్నారని సంతోషించు. పైన చర్చి కప్పు మీద జనాన్ని తిప్పే ఆ గైడు ఏమంటాడో తెలుసా నీకు?”

“తెలుసు.”

“నీకు తెలియదు. మా పక్కింటావిడ మనవరాళ్ళతో ఎక్కి వచ్చి చెప్పింది. ‘పెళ్ళాం నోరు మూయించడం మేస్త్రీకి చేతకాలేదు. అందుకని వాన నీళ్ళు ఆ నోట్లోంచి పోయే ఏర్పాటు చేసి పైన కూర్చోబెట్టాడు. ఇక మూడు వందల ఏళ్ళు సెలవు లేదు.’ అందరూ పగలబడి నవ్వుతారట. రోజుకి ఆరు సార్లు.”

“ఆదివారం నాలుగే.”

“నీకెలా తెలుసు?”

“రెండు సార్లు వెళ్ళాను.”

“పైకా?”

“టికెట్ కొనుక్కుని.”

“నీ రాయి చూడ్డానికి నువ్వు టికెట్ కొన్నావా?”

“చర్చి రాతిపని యార్డులో పనిచేసినవాళ్ళకి తగ్గింపు లేదు. అరవై దాటినవాళ్ళకి ఉంది.”

“అందరితో పాటు నిలబడి ఆ జోకు విన్నావు. విని ఏం చేశావు?”

“టోపీ తీశాను.”

“దేనికి?”

“గాలి ఎక్కువగా ఉంది.”

“నువ్వు మారవు. యాభై ఏళ్ళుగా నిన్ను చూస్తున్నాను, నీ కన్నా ఆ గోడ నయం. ఎండాకాలమైనా కాస్త వేడెక్కుతుంది. పెన్ను తీసుకో. నీ పేరు పోస్టరు మీద వేస్తామన్నారనా? అదా ఆశ?”

“నా పేరు ఎవడికి కావాలి? యార్డులో ఎవరూ పేరు వేసుకోరు. మొహం ఎవరిదో కూడా చెప్పరు. రాయి పైకి వెళ్ళాక అది చర్చిది. అది మా పద్ధతి.”

“గొప్ప పద్ధతి! నీ రాయి పక్కనున్నది పాత బ్యాంకు మేనేజరని ఊరంతటికీ తెలుసు.”

“మేం చెప్పలేదు.”

“మీరు చెప్పాలా? ఆ పళ్ళే చెప్పాయి. ఆయన భార్య ఏడాది పాటు తల వంచుకుని నడిచింది, ఎక్కడ పైకి చూడాల్సి వస్తుందోనని. అలాగే మా అక్కదనీ అందరికీ తెలుసు. తల మీద ముసుగు, మూసిన కళ్ళు, ఏడుపు. మీ పిల్లాడు కాలిన్ పోయిన రెండో ఏడు పైకెక్కింది. ఇక ఎవరిదనుకుంటారు?”

“ఊరు ఏమనుకుంటే నాకేం?”

“అదే కదా నీ జబ్బు. ఎవరేమైతే నాకేం. ఆరేళ్ళ కొడుకుని మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు పొద్దున్న ఏడున్నరకి నువ్వు యార్డులో ఉన్నావు.”

“ఎనిమిదికి.”

“ఎనిమిదికి! పొరపాటైపోయింది, క్షమించు.”

“కప్పు విప్పి పెట్టాం. వానొస్తే చర్చి తడిసిపోయేది.”

“మా అక్క తడిస్తే ఫరవాలేదు. ఆ వారమే కదా, వంటింట్లో అది ఏడుస్తుంటే ఒక మాటన్నావు. ఏమన్నావు?”

“నీకు తెలుసు.”

“నీ నోటితో వినాలని ఉంది. రెండేళ్ళయింది అది పోయి. ఇక్కడ మనిద్దరమే ఉన్నాం. చెప్పు.”

“నా ముందు ఏడవకు అన్నాను.”

“అంతేనా?”

“ఏడవాలంటే బయటికి పో అన్నాను.”

“పోయింది. చెప్పిన మాట విన్నది, పిచ్చిది. మళ్ళీ నీ ఎదుట కన్నీటి బొట్టు రాల్చిందా?”

“లేదు.”

“ఒక్కసారి?”

“లేదన్నాను కదా. ఎప్పుడూ లేదు.”

“ఎందుకు రాలుస్తుంది? మూడింటికి మా ఇంటికి వచ్చేది. రోజూ. కోటు కూడా విప్పేది కాదు. నా వంటింటి బల్ల దగ్గర కూర్చునేది, ఏడ్చేది, నాలుగున్నరకి నా కుళాయి కింద మొహం కడుక్కుని నీకు బంగాళాదుంపలు ఉడకేయడానికి పరిగెత్తేది. రెండేళ్ళు. నాకప్పుడు చంటిపిల్ల. ఒక చేత్తో దాన్ని ఊపుతూ ఇంకో చేత్తో మా అక్క వీపు రాసేదాన్ని.”

“కాస్త టీ పోస్తావా?”

“పోయను. నీకు చేతుల్లేవా?”

“ఇక్కడున్నారా! మిస్టర్ గార్‌సైడ్, మీ కోసమే యార్డు దాకా వెళ్ళి వచ్చాను. కూర్చోవచ్చా?”

“కూర్చోండి మిసెస్ ప్రెంటిస్. హెడ్లీ, ఈవిడే. సందర్శకుల ఆఫీసు. ఈ స్కోన్లు కూడా మీ ఆఫీసువేనా?”

“లేదండీ, టీ గది వేరే వాళ్ళు నడుపుతారు.”

“అయితే మీతో ఒక గొడవ తగ్గింది.”

“నేను తొందరపెట్టడం లేదు మిస్టర్ గార్‌సైడ్. ప్రింటు వాళ్ళు తొందరపెడుతున్నారు. మా వైపు నుంచి అగౌరవం ఏమీ లేదు, నమ్మండి. జనానికి ఆమె అంటే ప్రాణం. నిరుడు కప్పు మీద నడక మొదలుపెట్టినప్పటి నుంచి గంటల దగ్గర కన్నా, గడియారం దగ్గర కన్నా ఆమె దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు. లీస్టర్ నుంచి వచ్చిన ఒకావిడ అరగంట కదల్లేదు. తర్వాతి గుంపు మెట్ల మీద ఆగిపోయింది.”

“ఎందుకు కదల్లేదు?”

“ఏడుస్తూ నిలబడిందండీ. కూతురు పోయిందట. ఎవరూ ఏమీ అనలేకపోయారు.”

“ఆ జోకు విన్నాక కూడానా?”

“జోకు... మార్చవచ్చు. అది గైడు సొంతంగా కలిపిన ముక్క.”

“పేరు తీసేయండి.”

“ఏమన్నారు మిస్టర్ గార్‌సైడ్?”

“మేస్త్రీ పెళ్ళాం అన్న పేరు తీసేయండి. రాయిని ఏమైనా చేసుకోండి.”

“పేరు తీసేస్తే అది నూట నలభై రాళ్ళలో ఇంకో రాయి. జనానికి ఒక కథ కావాలండీ.”

“ఆ కథ కట్టింది మీరు.”

“కట్టింది ఊరు. మేం ఊరిని అడిగాం, ఊరు చెప్పింది రాసుకున్నాం. మీకు మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. సరే, ఇప్పుడైనా ఒక్క మాట చెప్పండి చాలు. కాగితం కూడా అక్కర్లేదు. అది మీ భార్య మొహమేనా? ఔనంటే ఇప్పుడే ఫోన్ చేసి ఆపేస్తాను. ఎవరు నా మీద అరిచినా సరే.”

“ఔనను హెడ్లీ. ఒక్క మాట.”

“కాదు.”

“ఏంటీ?”

“కాదన్నాను. అది నా భార్యది కాదు.”

“మిసెస్ ప్రెంటిస్, వినకండి. ఈయన అబద్ధమాడుతున్నాడు. అది చెక్కిన ఆ చేతుల్నే నరకాలి. హెడ్లీ, సిగ్గు లేదూ నీకు?”

“నా భార్యది కాని మొహానికి నా భార్య పేరు పెట్టడానికి వీల్లేదు. అది రాసుకోండి.”

“రాసుకుంటానండీ. కానీ మరి ఎవరిది?”

“యార్డులో చెప్పం.”

“చూడండి, నేను దుర్మార్గురాలిని కాను. కానీ నేను మా కమిటీకి ఏం చెప్పను? మీ భార్యది కాదంటే కుటుంబం అభ్యంతరం పోయినట్టే. ఎవరిదో చెబితే వాళ్ళని అడుగుతాను, లేదా ఆ పేరు వేస్తాను. చెప్పకపోతే ఊరు పెట్టిన పేరే ఉంటుంది. ఇప్పుడు మూడున్నర. నేను దుకాణంలో ఉంటాను. నాలుగు దాకా ఆగుతాను. టీ నా ఖాతాలో రాయమని చెప్తాను.”

“అక్కర్లేదు, మా టీ డబ్బులు మేం ఇచ్చుకుంటాం. వెళ్ళిరండి... వెళ్ళింది. ఇప్పుడు చెప్పు. బతికున్నప్పుడు దాన్ని కాదన్నావు. చచ్చాక కూడా కాదన్నావు. ఇంకేం మిగిలింది? సమాధి రాయి పీకేస్తావా?”

“నేను నిజం చెప్పాను.”

“నిజం! నేను చెప్తాను నిజం, విను. పరంజా విప్పిన రోజు పాలవాడు చెప్పాడు మా అక్కకి, నీ మొహం పైన పెట్టారమ్మా అని. పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చి మా ఆయన బైనాక్యులర్స్ అడిగింది. పిట్టల్ని చూడ్డానికి పెట్టుకునేవాడు. ఇద్దరం పచ్చిక మీద నిలబడ్డాం. వాన పడుతోంది, నీ రాయి నోట్లోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. చాలాసేపు చూసింది. ఏమందో తెలుసా?”

“తెలియదు.”

“‘నన్ను ఇంట్లో ఏడవనివ్వలేదు. ఊరందరి ముందూ ఏడిపిస్తున్నాడు’ అంది. బైనాక్యులర్స్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నిన్ను అడిగిందా లేదా?”

“అడిగింది.”

“ఏమని?”

“ఆ పైనున్నది నేనేనా అని.”

“నువ్వేమన్నావు?”

“బంగాళాదుంపలు సరిగ్గా ఉడకలేదన్నాను.”

“విన్నారా జనులారా! బంగాళాదుంపలు! ఆ మర్నాటి నుంచి కాలిన్ గదిలో పడుకుంది. ఎన్నేళ్ళు?”

“ముప్పై ఎనిమిది.”

“ఆరేళ్ళ పిల్లాడి మంచం. కాళ్ళు ముడుచుకుని ముప్పై ఎనిమిదేళ్ళు. పెద్ద మంచం వేయిస్తానని ఎప్పుడైనా అన్నావా?”

“వేయించాను. వెనక్కి పంపేసింది.”

“ఈ చర్చి గుమ్మం మళ్ళీ తొక్కలేదు. నా పిల్ల పెళ్ళికి కూడా బయట గేటు దగ్గరే నిలబడి అక్షింతల బదులు కాగితం ముక్కలు చల్లి వెళ్ళిపోయింది. పోయినప్పుడు కూడా, అక్కడ మాత్రం వద్దు బెరిల్ అంది. నువ్వు యాభై ఏళ్ళు ఉలి పట్టిన చోటికి నీ పెళ్ళాం శవం కూడా రాలేదు.”

“నాకు తెలుసు బెరిల్. నేనూ ఉన్నాను అక్కడ.”

“నీకు తెలియనిది ఒకటుంది. చివరి వారం, ఆసుపత్రిలో. నువ్వు బయట కారిడార్లో బెంచీ మీద కూర్చున్నావు, ఎప్పట్లాగే. నన్ను దగ్గరికి పిలిచింది. ‘కాలిన్ కోసం హెడ్లీ ఒక్కసారైనా ఏడ్చాడా? నేను లేనప్పుడు? నీకేమైనా కనిపించిందా?’ అంది. నేను అబద్ధం చెప్పి ఉండొచ్చు. అది హాయిగా కళ్ళు మూసుకునేది. నాకు నోరు రాలేదు. నీ మీద కోపంతో నిజమే చెప్పాను. లేదక్కా, నాకు తెలిసి ఎప్పుడూ లేదు అన్నాను.”

“...అప్పుడు?”

“అప్పుడేముంది. ‘అయితే వాడి కోసం ఏడ్చింది నేనొక్కదాన్నే’ అని గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఇటు తిరగలేదు. ఏంటలా చూస్తావు? పెన్ను తీసుకో. బతికుండగా చేయనిది ఇప్పుడైనా చెయ్యి. దాని మొహాన్ని జనం నవ్వులాటకి వదిలేయకు.”

“సంతకం పెడితే అబద్ధం అవుతుంది.”

“అబద్ధమైతే కానీ! ఒక్క మంచి అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోతుంది?”

“ఆ పోస్టరు ఇటు తిప్పు. సరిగ్గా చూడు.”

“చూశాను. వారం రోజులుగా చూస్తున్నాను.”

“కోపంగా చూశావు. అంతకుముందు నలభై ఏళ్ళు కింద నుంచి చూశావు. ఇప్పుడు దగ్గర్నుంచి చూడు. మీ అక్క ఏడిస్తే ఇలా ఉండేదా?”

“ఇలా... ఉండు. కళ్ళు ఇలాగే...”

“కళ్ళు వదిలేయ్. కళ్ళు మూసుకుంటే అందరివీ ఒకటే. నోరు చూడు.”

“తెరిచి ఉంది. నీళ్ళు పోవాలి కదా మరి, తెరవకపోతే ఎలా?”

“నీళ్ళకి రెండంగుళాల కన్నం చాలు. ఇది గొంతు లోపల దాకా తెరిచి ఉంది.”

“డోరీన్... నోరు తెరిచేది కాదు.”

“నాకు తెలియదు. ఆ రోజు వంటింట్లో కూడా నేను అటు చూడలేదు.”

“నేను చూశాను. రెండేళ్ళు చూశాను. గిన్నెల గుడ్డ పళ్ళ మధ్య కరిచిపట్టుకునేది, గోడ అవతల వాళ్ళకి వినిపిస్తుందని. ఒక్కసారి కూడా గొంతు బయటికి రాలేదు. ఆ గుడ్డలన్నీ కొసల్లో చిరిగిపోయి ఉండేవి. ఇలా కాదు. ఇది ఇలా ఉండదు. మరి ఆ ముసుగు?”

“ముసుగు కాదు. వాన నీళ్ళు వచ్చే సీసపు తొట్టి ఆనడానికి చెవుల పక్కన రాయి వదలాలి. కింద నుంచి చూస్తే తలగుడ్డలా కనిపిస్తుంది. యార్డులో ఎవరినడిగినా చెప్పేవారు. ఊళ్ళో ఎవరూ అడగలేదు.”

“డోరీన్ అడిగింది.”

“నేనేనా అని అడిగింది.”

“కాదు అనలేకపోయావా? ఒక్క ముక్క. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ చిన్న మంచం మీద... ఒక్క ముక్క హెడ్లీ. కాదు. ఇందాక ఆఫీసావిడకి ఎంత తేలిగ్గా చెప్పావు!”

“కాదంటే, మరి ఎవరిదని అడిగేది.”

“అడిగితే?”

“టీ చల్లారిపోయింది.”

“టీ తగలెయ్యి. అడిగితే ఏం? ఇంకో ఆడదా? అదా నువ్వు దాచింది?”

“ఇంకో ఆడది లేదు. ఎప్పుడూ లేదు.”

“నాలుగుకి పది నిమిషాలుంది. ఇదిగో, డోరీన్ పేరు కొట్టేశాను. ఎవరి పేరు పెట్టాలో చెప్పు, తీసుకెళ్ళి ఇస్తాను. మా అక్క ఇలా ఏడవలేదు. ఏడ్చినదాన్ని కూడా నువ్వు చూడలేదు. ఇలాంటిది ఊహించి చెక్కేది కాదు, అది నాకూ తెలుసు. కళ్ళతో చూసే చెక్కావు. ఈ మొహం నువ్వెక్కడ చూశావు హెడ్లీ?”

“అద్దంలో. యార్డు షెడ్డు తలుపు గడియ పెట్టుకుని, ఐదు వారాలు, అద్దంలో.”